నమూనా కార్యాలయం, అసలు సముద్రం

మా తీర పడవల నమోదు శాఖ జిల్లా కార్యాలయానికి చెడ్డపేరు ఎన్నడూ రాలేదు. ఏ ఫైలు మీదా తుది నిర్ణయం తీసుకోని చోట తప్పుడు నిర్ణయం దొర్లే అవకాశమే లేదు. నావలరేవు ఊళ్లో, రేవుకి వెళ్లే రోడ్డు మీద, రెండంతస్తుల పసుపు రంగు భవనం మాది. అందులో నేను సూపరింటెండెంటుని. ఇప్పుడు చెప్పబోయేదంతా నా కళ్ల ముందు జరిగింది.

ఆ ఏడాది పడవల లైసెన్సులన్నీ కాగితాల మీంచి కంప్యూటర్లోకి మారాయి. ఏటా చేపల వేట మీద పెట్టే నిషేధం ముగిసేలోగా ప్రతి పడవకీ కొత్త లైసెన్సు ఉండాలని ఉత్తర్వు వచ్చింది. లైసెన్సు ఉంటే రేవు చెక్‌పోస్టులో కానిస్టేబులు చేతిలోని మిషను పచ్చలైటు వెలిగిస్తుంది. లేకపోతే ఎర్రలైటు. ఎర్రలైటు వెలిగితే పడవ నీళ్లలోకి దిగడానికి వీల్లేదు.

సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లు సముద్రం లేని నగరంలో ఉంటారు. పడవకి పేరుంటుందని, యజమాని ఉంటాడని, ఇంజన్ ఉంటుందని వాళ్లు ఊహించారు. అందుకని ఇంజన్ నంబరు గడిని తప్పనిసరి చేశారు. ఒకే నంబరు రెండు పడవలకు ఉండకూడదని కూడా కట్టుదిట్టం చేశారు. ఇంజన్ లేని పడవలు కూడా ఉంటాయా అని వాళ్లు ముందే మాకు లేఖ రాశారు. దానికి మేం జవాబు సిద్ధం చేస్తూనే ఉన్నాం.

మా తీరంలో సగం మందివి తెప్పలు. దుంగలు కట్టి, తెడ్డూ తెరచాపా పెట్టుకుని వెళతారు. తెప్పకి ఇంజన్ ఉండదు.

ఒకరోజు పొద్దున్నే కౌంటరు దగ్గర గొడవ వినబడి బయటికొచ్చాను. పచ్చచీర కట్టుకున్న బలమైన మనిషి ఒకావిడ కటకటాల్లోంచి లోపలికి చెయ్యి పెట్టి కంప్యూటర్‌ను తానే నొక్కడానికి ప్రయత్నిస్తోంది. ఆవిడ గరికిన దేముడమ్మ. తెప్ప ఆవిడ పేరు మీద ఉంది. దాని మీద వేటకెళ్లేది భర్త, ఇద్దరు కొడుకులు. చేప అమ్మేది ఆవిడ.

"ఇంజన్ నంబరు చెప్పమ్మా అంటే తిడుతోంది సార్," అన్నాడు గుమాస్తా.

"తెప్పకి ఇంజనేటి బాబూ?" అంది దేముడమ్మ నా వైపు తిరిగి. "తెడ్డుంది, సాపుంది, నా పెనిమిటికి రెండు సేతులున్నాయి. ఆటికి నంబర్లు నేవు."

"లేకపోతే సున్నా కొట్టవయ్యా," అన్నాను గుమాస్తాతో.

"సున్నా అయిపోయింది సార్. మొన్ననే ఒకాయన తీసుకున్నాడు. ఒక నంబరు ఒకరికే."

"అయితే 'లేదు' అని కొట్టు."

"అదీ అయిపోయింది సార్. తర్వాత 'అసలు లేదు' ఇచ్చాను. 'లేనే లేదు' ఇచ్చాను. 'ఒట్టు, లేదు' నిన్న సాయంత్రం వెళ్లిపోయింది."

దేముడమ్మ వంతు వచ్చేసరికి తెలుగులో లేదనడానికి ఉన్న మాటలన్నీ జారీ అయిపోయాయన్నమాట.

"ఉందని రాసీయ్ బాబూ, పోద్ది," అంది దేముడమ్మ.

"తప్పుడు సమాచారం ఇస్తే నేరమమ్మా," అన్నాడు గుమాస్తా. ఆమె ఆ గుమాస్తాను గురించి అన్న మాట ఏ గడిలోనూ పట్టదు.

నేను మంజువాణిని పిలిపించాను. మా డేటాబేస్ డెవలపర్ ఆ అమ్మాయి. కాంట్రాక్టు ఉద్యోగం. మేడమెట్ల కింద చిన్న గదిలో కూర్చుంటుంది. వచ్చి, విని, నవ్వింది.

"ఇదేం పెద్ద పని కాదు సార్. డేటాబేస్‌లో పడవల పట్టిక ఒకటి ఉంది. అందులో ఇంజన్ గడి ఖాళీగా ఉండకూడదు అని రాసి ఉంది. ఉండొచ్చు అని మార్చాలి. ఒక్క లైను. ఇప్పుడే రాసేస్తాను. కానీ అసలు డేటాబేస్ పాస్‌వర్డు జేడీ సార్ దగ్గర సీలుకవర్లో ఉంది."

అలా ముగ్గురం మా జాయింట్ డైరెక్టర్ పరంధామయ్య గారి గదికి వెళ్లాం. మంజువాణి, నేను, వద్దన్నా వినకుండా దేముడమ్మ.

పరంధామయ్య గారు ఆ ముందురోజే రాజధానిలో శిక్షణ ముగించుకుని వచ్చారు. డేటాబేస్ నిర్వహణలో ఆధునిక పద్ధతులు అన్నది శిక్షణ పేరు. మెడలో వాళ్లిచ్చిన పేరుబిళ్ల ఇంకా తీయలేదు. మనిషి మంచివాడు, భయస్తుడు. ఉద్యోగమంతా ఆడిట్ అనే మాటకి ఉలిక్కిపడుతూ గడిపారు. పెద్ద ఫైలు వస్తే 'చర్చించండి' అని రాస్తారు. చర్చించడానికి వెళితే 'ఫైలులో పెట్టండి' అంటారు. అలాంటి మనిషికి ఆ శిక్షణ వేదంలా దొరికింది.

"ఒక్క లైనా?" అన్నారు, మంజువాణి చెప్పింది విని. "ఒక్క లైనుతో ఎన్ని సంస్థలు కుప్పకూలాయో మాకు బొమ్మలు వేసి చూపించారమ్మా. అసలు డేటాబేస్ మీద నేరుగా చెయ్యి వెయ్యరాదు. ముందు నమూనాలో చెయ్యాలి. అక్కడ నెగ్గితేనే అసలులోకి. తేడా వస్తే వెనక్కి తీసుకునే ఏర్పాటు, అంటే రోల్‌బ్యాక్, మార్పుతో బాటే సిద్ధంగా ఉండాలి."

మంజువాణి మొహం వెలిగిపోయింది. పాపం, చేరినప్పటి నుంచి ఆ అమ్మాయి అడుగుతున్నది అదే. "నిజమే సార్! పరీక్షించకుండా ఎవరూ చెయ్యకూడదు. నాకు పాత కంప్యూటర్ ఒకటి ఇప్పించండి. అందులో నమూనా డేటాబేస్ పెట్టి మార్పు చేసి చూస్తాను. మధ్యాహ్నానికి తేలిపోతుంది."

"కంప్యూటరా?" పరంధామయ్య గారు జాలిగా చూశారు. "నమూనా అచ్చం అసలులాగే ఉండాలని మాకు నొక్కి చెప్పారు. మన అసలు ఏమిటి? ఒక్క కంప్యూటరేనా? అది ఈ భవనంలో ఉంది. భవనంలో సిబ్బంది ఉన్నారు. ప్రజలు వస్తారు. ఇవన్నీ లేకుండా పరీక్షిస్తే ఆ ఫలితాన్ని ఎవరు నమ్ముతారు?"

"సార్, అచ్చం అంటే వాళ్ల ఉద్దేశం..."

"ఉద్దేశాల జోలికి మనం వెళ్లకూడదు. రేపు ఆడిట్ అడిగితే ఉద్దేశం చూపిస్తామా?"

దేముడమ్మ గుమ్మంలోంచి అడిగింది. "నాకెప్పుడిత్తారు బాబూ?"

"పరీక్ష నెగ్గగానే," అన్నారు పరంధామయ్య గారు, ఎంతో దయగా.

సాయంత్రానికి సర్క్యులర్ వచ్చింది. 'డేటాబేస్ పట్టికలయందు ఏ మార్పు అయినను ముందుగా నమూనా పరిసరమునందు అమలుపరచి, ఫలితము సంతృప్తికరమని రుజువైన పిమ్మట మాత్రమే అసలు పరిసరమునకు తరలించవలెను. నమూనా పరిసరము అన్ని విధముల అసలును పోలియుండవలెను. ఎట్టి తేడాయైనను తీవ్రముగా పరిగణింపబడును.'

మా ఎదురుగా, రోడ్డుకి అవతల, మూతబడిన ఐసు ఫ్యాక్టరీ ఉంది. దాన్ని అద్దెకు తీసుకున్నారు. పసుపు రంగు వేశారు. మా బెంచీల్లాంటి బెంచీలు చేయించి, మా వాటికి లాగే ఒక్కో కాలు పొట్టిగా కోయించారు. మా గడియారం ఎంత వెనక నడుస్తుందో దాన్నీ అంతే వెనక్కి పెట్టారు. చిక్కల్లా పైకప్పు దగ్గర వచ్చింది. వర్షాకాలం నా బల్ల మీద నీళ్లు కారతాయి. నమూనాలోనూ అక్కడే కారాలి. దానికి ఇంజనీరింగ్ విభాగం ఒప్పుకోలేదు. 'కారుట అనునది శాఖాపరముగా నిర్మింపబడదు. అది నిర్మాణము పూర్తియైన పిమ్మట తనంతట తాను సంభవించును' అని లేఖ రాశారు. వాళ్లన్నట్టే సంభవించింది, కానీ గుమ్మం దగ్గర. తేడా తీవ్రంగా పరిగణింపబడుతుంది గనక ఇక్కడ నా బల్లని గుమ్మం దగ్గరికి జరిపి, పైన కప్పుకి చిల్లు పెట్టించారు.

తర్వాత సిబ్బంది. ఒక్కొక్కరికీ ఒక్కొక్కరిని డిప్యుటేషన్ మీద తెచ్చారు. నాకు నమూనాగా ఒకావిడ వచ్చారు. మీసం విషయంలో సడలింపు ఇచ్చారు. జాయింట్ డైరెక్టరుకి నమూనాగా మంచినీటి రొయ్యల విభాగం నుంచి లోకనాథం గారు వచ్చారు. రొయ్యల విభాగంలో చాలాకాలంగా రొయ్యలూ లేవు, పనీ లేదు. సన్నగా, నవ్వుమొహంతో ఉండే మనిషి. పరంధామయ్య గారు ఆయనకు బాధ్యతలు వివరిస్తుంటే నేను పక్కనే ఉన్నాను.

"మీరు నేను. అర్థమైందా?"

"అర్థమైంది సార్. నేను మీరు. మీరు నేను."

"కాదు. మీరు నేను. కానీ నేను మీరు కాదు."

"చిత్తం సార్. మరి నా సంతకం?"

"అది నమూనా సంతకం. దానికి విలువ లేదు."

"బాధ్యత?"

"విలువే లేనప్పుడు బాధ్యత ఎక్కడిది?"

లోకనాథం గారి మొహంలో అప్పుడొక రకమైన వెలుగు కనబడింది. అప్పట్లో నాకది అర్థం కాలేదు.

పరీక్షలో నిజం మనుషుల వివరాలు వాడకూడదు, కల్పిత పేర్లు వాడాలి అని మంజువాణి చెప్పింది. అది కూడా సరైన పద్ధతే. దాంతో ఒక ఏజెన్సీ ద్వారా నమూనా ప్రజల్ని రప్పించారు. వాళ్లకు కల్పిత పేర్లు, కల్పిత పడవలు ఇచ్చారు. పొద్దున వినయంగానూ, భోజనాల వేళ దాటాక కోపంగానూ ఉండమని శిక్షణ ఇచ్చారు. రోజూ వచ్చి, నమూనా కౌంటరు దగ్గర నిలబడి, నమూనా దరఖాస్తులు ఇచ్చి వెళ్లేవారు. జీతం మాత్రం అసలుదే కావాలని ఒకసారి ధర్నా చేశారు. అది పరీక్షలో భాగమేమో అని మేం చాలాసేపు చూస్తూ ఊరుకున్నాం.

ఈ లోపల మంజువాణి నమూనా కంప్యూటర్లో ఆ ఒక్క లైనూ నడిపింది. ఇంజన్ గడి ఖాళీగా ఉన్నా లైసెన్సు వచ్చింది. వెనక్కి తీసుకునే లైను నడిపింది. గడి మళ్లీ తప్పనిసరి అయింది. మళ్లీ మార్చింది. అంతా సవ్యంగా ఉంది.

"నెగ్గింది సార్," అని పరుగెత్తుకొచ్చింది. "అసలులో పెట్టేద్దాం. వేట మొదలవబోతోంది. తెప్పలవాళ్లు రోజూ వచ్చి మెట్ల మీద కూర్చుంటున్నారు."

"లైసెన్సు వచ్చింది సరే. అది పనిచేస్తుందా? చెక్‌పోస్టులో పచ్చలైటు వెలుగుతుందా? పడవ కదులుతుందా? సగం పరీక్ష పరీక్ష కాదమ్మా," అన్నారు పరంధామయ్య గారు.

అలా నమూనా రేవు వచ్చింది. ఊరి పెద్దరేవుకి కాస్త అవతల ఎవరూ వాడని పాత రాతిమెట్ల రేవు ఒకటి ఉంటే బాగుచేయించారు. నమూనా చెక్‌పోస్టు, నమూనా కానిస్టేబులు, నమూనా మిషను. అన్నిటికీ నమూనా కుదిరింది. సముద్రానికి మాత్రం కుదరలేదు. ప్రతిపాదన పంపారు. కానీ అంత స్థలం జిల్లాలో లేదని రెవెన్యూ వాళ్లు తిప్పి పంపారు. దాంతో, ప్రస్తుతానికి ఉన్న సముద్రాన్నే తాత్కాలిక ప్రాతిపదికన వాడుకోవచ్చునని నోట్ రాసుకున్నాం.

నిషేధం ముగిసింది. మోటారు బోట్లు బారులు తీరి కదిలాయి. తెప్పలు ఇసకలోనే ఉండిపోయాయి. ఆ మొదటి రోజుల్లోనే ఒడ్డు దగ్గర చేప పుష్కలంగా పడుతుంది. నెలల తరబడి వేట లేక అప్పోసప్పో చేసి నెట్టుకొచ్చినవాళ్లు ఆ రోజుల కోసమే చూస్తారు. దేముడమ్మ పొద్దున్నే వచ్చి మా మెట్ల మీద కూర్చుంది. తిట్టలేదు. ఊరికే కూర్చుంది. ఆవిడ తిట్టకపోవడం చూసి మంజువాణికి ఏడుపొచ్చినంత పనైంది.

"ఒక్క లైను సార్," అంది నాతో. "ఎదురుగా నమూనా కంప్యూటర్లో నెగ్గి కూర్చుంది. దాన్ని రోడ్డు దాటించడానికి ఎన్నాళ్లు?"

"రోడ్డు దాటించడమే కదమ్మా కష్టం," అన్నాను. ఆ మాట దేముడమ్మ చెవిన పడిందేమో తెలీదు. కాసేపటికి చూస్తే మెట్ల మీద లేదు.

తర్వాత సంగతి లోకనాథం గారే చెప్పారు. దేముడమ్మ రోడ్డు దాటి వెళ్లి నమూనా ప్రజల వరసలో నిలబడింది. పొద్దుట వేళ గనక వాళ్లు వినయంగా ఉన్నారు, ముందుకెళ్లమన్నారు. నమూనా గుమాస్తా దరఖాస్తు తీసుకున్నాడు. నమూనా సూపరింటెండెంటు గారు చూశారు. లోకనాథం గారు కలం తీశారు.

"ఆలోచించలేదా?" అని అడిగాను.

"దేనికండీ? బాధ్యత లేని సంతకం కదా. అందుకని ఫైలు చదివాను. చదివితే సబబుగానే కనిపించింది. చేసేశాను."

తేనీరు చల్లారేలోగా లైసెన్సు వచ్చింది. దాని మీద అడ్డంగా 'నమూనా' అని ఎర్రసిరా ముద్ర. దేముడమ్మకి చదువు రాదు గానీ ముద్ర పెద్దదిగా ఉందని సంతోషించింది. భర్తనీ కొడుకుల్నీ తెప్పతో పెద్దరేవుకి పంపింది. అక్కడి మిషనులో ఎర్రలైటు వెలిగింది. ఇది నమూనా లైసెన్సు, నమూనా రేవుకి వెళ్లండి అని కానిస్టేబులు దారి చూపించాడు. నమూనా రేవులో నమూనా మిషను పచ్చగా వెలిగింది. నమూనా కానిస్టేబులు సెల్యూట్ కూడా కొట్టాడు; పడవ రావడం అదే మొదలు మరి. తెప్ప సముద్రంలోకి వెళ్లింది.

మర్నాడు పొద్దున తెప్ప నిండా చేపలే; కానాగంతలు, వంజరాలు.

ఆ వార్త తీరమంతా పాకింది. రెండోనాటికి తెప్పలవాళ్లందరూ రోడ్డు దాటారు. మూడోనాటికి మోటారు బోట్లవాళ్లు కూడా, వాళ్లకి అవసరం లేకపోయినా, పని తొందరగా అవుతుందని దాటారు. మా కార్యాలయంలో ఫ్యాన్ల చప్పుడు తప్ప మరోటి వినబడలేదు. ఎదుటి నమూనా ప్రజలకు వరసలో చోటు దొరక్క, వాళ్లు మా దగ్గరికొచ్చి బెంచీల మీద పడుకునేవారు.

విషయం పరంధామయ్య గారికి తెలిసిన రోజు కారు కూడా పిలవకుండా నమూనా రేవుకి నడిచారు. వెనక మంజువాణి, నేను. ఒడ్డున చేపల గుట్టలు. దేముడమ్మ గంప ముందు కూర్చుని వేలం పాడుతోంది.

"ఆపండి!" అన్నారు పరంధామయ్య గారు. "ఈ చేపలు అమ్మడానికి వీల్లేదు."

"ఏటి బాబూ, కుళ్లిపోయినాయా? సూడు, కన్ను సూడు."

"చేపలో లోపం లేదమ్మా. ఇవి నమూనా లైసెన్సు మీద, నమూనా రేవులోంచి వెళ్లి పట్టిన చేపలు. అంటే ఇవి పరీక్ష ఫలితాలు. పరీక్ష ఫలితాలు అసలు మార్కెట్లోకి రాకూడదు. ఇది ప్రాథమిక సూత్రం." నా వైపు తిరిగారు. "సూపరింటెండెంటు గారూ, రోల్‌బ్యాక్ అమలుచెయ్యండి. పరీక్షకు ముందున్న స్థితి పునరుద్ధరించాలి."

"అంటే సార్?"

"చేపల్ని యథాస్థానంలో ప్రవేశపెట్టండి."

 దేముడమ్మ వంజరం ఒకదాన్ని తోక పట్టుకుని లేపి పరంధామయ్య గారి చేతిలో పెట్టింది.

"తీసుకో బాబూ. నీటిలో ఒగ్గు. ఈదితే మిగతాయన్నీ నానే ఒగ్గేత్తాను."

ఆయన నిజంగానే మెట్లు దిగారు. ప్యాంటు తడుస్తుంటే వంగి చేపని నీళ్లలో వదిలారు. అది వెల్లకిలా తేలింది. ఆయన వేలితో కొంచెం ముందుకు నెట్టారు. అల దాన్ని మళ్లీ ఆయన కాళ్ల దగ్గరికే తెచ్చింది.

మంజువాణి మెట్లు దిగి ఆయన పక్కన నిలబడింది. "సార్, కొన్ని మార్పులకి రోల్‌బ్యాక్ ఉండదు. డేటాబేస్‌లోనూ అంతే. అలాంటప్పుడు వెనక్కి వెళ్లం సార్. ముందుకెళ్లి సరిచేస్తాం."

"ముందుకెళ్లి సరిచెయ్యడమా? మాకు చెప్పలేదే."

"చివర్లో చెబుతారు సార్."

"చివరి పాఠానికి నేను లేను. రైలు టైమైందని వచ్చేశాను," అన్నారు ఆయన, చేపని చూస్తూ. ఆ గొంతులో నిజమైన బాధ ఉంది.

ఆ చేపని దేముడమ్మ తిరిగి తీసుకోలేదు. "నీ సేతిలోకి వొచ్చింది, నీదే," అంది. ఆ మధ్యాహ్నం పరంధామయ్య గారింట్లో పులుసు. తినవచ్చునా లేదా అని ఆయన ఫోన్లో నన్ను అభిప్రాయం అడిగారు. ప్రయోగాత్మకంగా రుచి చూడవచ్చునని చెప్పాను. చాలాసేపటి తర్వాత మళ్లీ ఫోన్ చేసి, ఫలితం సంతృప్తికరమని చెప్పారు.

అప్పుడే పిడుగులాంటి సమాచారం వచ్చింది. రాజధాని నుంచి కమిషనర్ ఇందుమతి గారు తనిఖీకి వస్తున్నారు. పరంధామయ్య గారు కంగారుపడినా సూత్రం తప్పలేదు. తనిఖీ కూడా ఒక మార్పే గనక ముందు నమూనా కార్యాలయంలో జరగాలని ఆవిడకి సవినయంగా రాశారు. ఆవిడ ఆ లేఖ చదివారో లేదో గానీ కారు నేరుగా వెళ్లి ఐసు ఫ్యాక్టరీ ముందే ఆగింది. అక్కడే జనం ఉన్నారు మరి.

ఇందుమతి గారు అక్కడ గంటకు పైగా గడిపారు. లైసెన్సులు చేతిలోకి తీసుకుని చూశారు. తెప్పలవాళ్లతో మాట్లాడారు. తర్వాత రోడ్డు దాటి మా దగ్గరికొచ్చారు. మా బెంచీల మీద నిద్రపోతున్న మనుషుల్ని చూసి, "వీళ్లెవరు?" అన్నారు.

"ప్రజలండి," అన్నారు పరంధామయ్య గారు. "నమూనావాళ్లు."

"పని అక్కడ అవుతోంది. మరి ఇక్కడ ఏమవుతోంది?"

"ఇది అసలు కార్యాలయమండి. ఇక్కడ ఏమీ కాకుండా కాపాడుతున్నాం."

 ఆవిడ మంజువాణిని పిలిచి అడిగారు. ఆ అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పింది: తప్పనిసరి గడి, ఒక్క లైను, అటు నెగ్గిన పరీక్ష, ఇటు తెరవని సీలుకవరు.

"పరీక్ష నెగ్గిందా?" అని పరంధామయ్య గారిని అడిగారు ఇందుమతి గారు.

"నెగ్గిందండి. అన్ని విధాలా."

"నెగ్గినదాన్ని అసలు స్థానంలోకి తేవాలని మీ సర్క్యులర్లోనే ఉంది. తెచ్చెయ్యండి."

"ఆ ఒక్క లైనునాండి?"

"నెగ్గింది ఒక్క లైనేనా?" అన్నారావిడ. "రెండు చోట్లా బోర్డులు మార్చండి. చాలు."

బోర్డులు ఆ రోజే మార్చారు. ఐసు ఫ్యాక్టరీ అసలు కార్యాలయమైంది. దానితో బాటు అక్కడి డేటాబేస్ అసలు డేటాబేస్ అయింది. తెప్పల లైసెన్సులన్నీ రాత్రికి రాత్రి చెల్లుబాటయ్యాయి. పాత రాతిమెట్ల రేవు అసలు రేవైంది. దేముడమ్మ లైసెన్సు మీది ఎర్రముద్ర కొట్టేసి నీలిముద్ర వేశారు. పెద్దది చెరిపి చిన్నది వేశారని ఆవిడ కాస్త గొణిగింది.

మా భవనం మీద 'నమూనా కార్యాలయం' అన్న బోర్డు ఎక్కింది. పరంధామయ్య గారి గది ముందు 'నమూనా జాయింట్ డైరెక్టర్' అన్న పలక. ఆ రోజు ఆయన ఎవరి కంటా పడకుండా గదిలోనే ఉండిపోయారు. మెడలో బిళ్ల తీసి సొరుగులో పెట్టారు. భోజనం డబ్బా తెరవలేదు. నేను మాట కలపడానికి ఒక ఫైలు తీసుకెళ్లాను. ఎవరిదో నావకి పేరు మార్పు. మా దగ్గర ఏళ్ల తరబడి చర్చలో ఉన్నది.

ఆయన అలవాటుగా 'చర్చించండి' అని రాయబోయి ఆగారు.

"సూపరింటెండెంటు గారూ. ఇప్పుడు నాది నమూనా సంతకమేనా?"

"అంతే సార్."

"దీనికి ఆడిట్ రాదు?"

"నమూనాకి ఆడిట్ లేదు సార్."

ఆయన ఫైలు చదివారు. నాకు తెలిసి మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకూ ఆయన చదివిన మొదటి ఫైలు అది. "ఇందులో ఇబ్బంది ఏముంది? ఎందుకింతకాలం ఆపాం?" అని సంతకం చేశారు. దాన్ని ఒకసారి దూరంగా పెట్టి చూసుకున్నారు. తర్వాత కిటికీ తెరిచారు. ఆ కిటికీ తెరుచుకుంటుందని నాకు అంతవరకూ తెలీదు.

"ఇంకో ఫైలు ఇవ్వండి," అన్నారు.

వారం తిరక్కుండానే పాత ఫైళ్లన్నీ కదిలాయి. మా గుమాస్తా కూనిరాగం తీస్తూ పనిచేయడం మొదలుపెట్టాడు. నేనే రెండుసార్లు జనానికి మంచినీళ్లు ఇచ్చాను. మంజువాణి మెట్ల కింద గదిలోంచి పైకొచ్చి మా మధ్య కూర్చుంది. పాత కంప్యూటర్ ఒకటి కాదు, మొత్తం భవనమే ఆ అమ్మాయికి పరీక్షశాల అయింది. రోజూ సాయంత్రం మా దగ్గర సంతకమై నెగ్గిన పనులన్నిటినీ ఒక స్క్రిప్టుగా, అంటే కంప్యూటరుకిచ్చే ఆదేశాల వరసగా రాసి, ఎదుటి అసలు డేటాబేస్‌లోకి ఎక్కిస్తుంది. ఈ పద్ధతి అసలు ఇలాగే ఉండాలట. అందుకని దాన్ని ఎవరూ ఆపలేదు.

ఎదురుగా లోకనాథం గారి పరిస్థితి వేరు. అసలు కుర్చీలో కూర్చున్న మొదటి రోజున కలం తీసి, మూత పెట్టి, మళ్లీ తీసి, న్యాయసలహా కోరారట. పాపం, ఆ నవ్వుమొహం చిక్కిపోయింది. అక్కడి గుమ్మం ముందు జనం మెట్ల మీద కూర్చోవడం మొదలుపెట్టారు.

ఒకరోజు దేముడమ్మ రోడ్డు దాటి మా వైపు వచ్చింది. పెద్ద కొడుక్కి పెళ్లి కుదిరిందట. కోడలు పేర కొత్త తెప్ప కొన్నారు. లైసెన్సు కావాలి.

"అమ్మా, అసలు కార్యాలయం ఎదురుగా ఉంది," అన్నాను మర్యాదకి. "ఇది నమూనా."

"తెల్సు బాబూ. అక్కడ మొన్న అడిగినాను. ఆయన గుండె సేత్తో పట్టుకున్నాడు. పాపం, నానే మంచినీళ్లిచ్చి వొచ్చీసినాను. నమూనా ఇటొచ్చీసిందని ఆయనే సెప్పినాడు."

పరంధామయ్య గారు గదిలోంచి ఎదురొచ్చి ఆవిడకి కుర్చీ వేయించారు. ఆవిడ కూర్చుని చెమట తుడుచుకునేలోగా లైసెన్సు చేతిలో పెట్టారు. ముద్ర ఎర్రగా, పెద్దగా పడింది. ఆవిడ దాన్ని వెలుతురులో పెట్టి చూసి, ఇదీ ముద్రంటే అంది. పెళ్లికి ఇద్దరు జేడీలూ రావాలంది. ఇద్దరూ వెళ్లారు. లోకనాథం గారు ఆ రోజు సెలవు పెట్టారు గనక మళ్లీ నవ్వుతూ కనిపించారు.

మా ప్రగతి చూసి ఇందుమతి గారు ప్రభుత్వానికి నివేదిక పంపారు. రాష్ట్రంలో శాఖాకార్యాలయాలన్నిటినీ నమూనా కార్యాలయాలుగా ప్రకటిస్తే ప్రజల పనులు త్వరగా జరుగుతాయని అందులో గట్టిగా సిఫారసు చేశారు. ఆ ప్రతిపాదన ఇప్పుడు రాజధానిలో ఉంది. అయితే అది అసలు కార్యాలయం గనక ఇంకా చర్చిస్తున్నారు.